టెంట్ కొనేముందు: మోసేది మీ వీపా, మీ కారా?

"ఏ టెంట్ కొనమంటారు" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే, దాన్ని మోసేది మీ వీపా, మీ కారా? ఎంతమంది పడుకుంటారు, వానల్లో వెళ్తారా, ఎంత ఖర్చు పెట్టగలరు అనేవన్నీ తర్వాతి సంగతులు. ఈ ఒక్క ప్రశ్న తేల్చుకోకుండా షాపులో నిలబడితే, లేదా ఫోన్‌లో ఫొటోలు చూస్తూ కూర్చుంటే, చివరికి రెంటికీ చెడ్డ రేవడి లాంటి టెంట్ ఇంటికొస్తుంది. మోయడానికి బరువు, ఇంటిల్లిపాదీ పడుకోవడానికి ఇరుకు.

నేను మొదట కొన్నది నలుగురు పట్టే టెంట్, సంచితో కలిపి 5 కేజీల పైమాటే. కారు డిక్కీలో వేసుకుని తిరిగినన్నాళ్ళూ దాని మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. లోపల చోటు బాగుండేది, వానకు తట్టుకునేది. ఉన్నది ఉండగా ఇంకొకటి ఎందుకులే అని అదే టెంట్‌ను బ్యాగ్‌కి కట్టుకుని రెండు రోజుల కొండ నడకకు బయల్దేరాను. మొదటి రోజు మధ్యాహ్నానికే భుజాలు లాగేశాయి, రెండో రోజు దిగుడులో మోకాళ్ళు వణికాయి, ఎక్కుదామనుకున్న శిఖరం ఎక్కకుండానే వెనక్కి వచ్చేశాను. టెంట్‌లో లోపమేమీ లేదు, దాన్ని చేయకూడని పనికి వాడాను, అంతే.

అందుకే బరువు లెక్కతో మొదలుపెడతాను. వీపు మీద మోసుకెళ్ళే ఇద్దరి టెంట్ అయితే దాదాపు 1.2 నుంచి 2 కేజీల మధ్య ఉండేలా చూసుకోండి, అంటే మనిషికి ఒక కేజీ మించకుండా. కేజీకన్నా తక్కువలో కూడా దొరుకుతాయి, వాటి కష్టసుఖాలు వేరు, కింద చెబుతాను. ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా టెంట్ల మీద రెండు బరువులు రాస్తారు. ఒకటి లోపలి టెంట్, పై కవరు, పోల్స్ మాత్రమే కలిపిన బరువు. రెండోది పెగ్గులు (టెంట్‌ను పట్టి ఉంచడానికి నేలలో దిగగొట్టే మేకులు), తాళ్ళు, సంచులతో సహా మొత్తం బరువు. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచూ మొదటిదే, కానీ పెగ్గులు లేకుండా కొండ మీద టెంట్ వేసేవాళ్ళు ఉండరు కదా, కాబట్టి మీరు పోల్చాల్సింది రెండో అంకెను. అలాగే మడిచిన పోల్ ముక్క పొడవు కూడా చూడండి, 45 సెంటీమీటర్లయితే బ్యాగ్‌లో సులభంగా పడుతుంది, 60 అయితే బయట కట్టుకోవాల్సి రావచ్చు. ఇద్దరు వెళ్తుంటే టెంట్‌ను సంచిలోంచి తీసి, బట్ట ఒకరు, పోల్స్, పెగ్గులు ఇంకొకరు పంచుకుంటే ఎవరికీ బరువనిపించదు.

కారులో వెళ్ళేవాళ్ళకు ఈ గోలేమీ అక్కర్లేదు. 8 కేజీలున్నా 12 కేజీలున్నా మోసేది ఇంజనే. అక్కడ గ్రాముల కోసం డబ్బు పోయడం శుద్ధ దండగ, ఆ డబ్బుతో మందమైన పరుపు కొనుక్కుంటే నడుము సంతోషిస్తుంది. ఒక్కటి మాత్రం కనుక్కోండి, కారు ఆపే చోటు నుంచి టెంట్ వేసే చోటు ఎంత దూరమో, అక్కడ చదును చేసిన జాగా ఎంత ఉందో. పెద్ద కుటుంబ టెంట్ తీసుకెళ్ళాక జాగా సరిపోక, ఒక మూల రాళ్ళ మీద, ఒక మూల గుంటలో వేసుకుని రాత్రంతా జారుతూ పడుకున్నవాళ్ళను చూశాను.

ఇక ఎంతమంది పడతారన్న లెక్క. టెంట్ మీద "ఇద్దరికి" అని రాస్తే, ఆ ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని, పక్కకు తిరగకుండా, సామానంతా బయట పెట్టి పడుకుంటే పడతారు అని అర్థం. ఇది అతిశయోక్తి కాదు, మామూలు కూడిక చేసి చూడండి. క్యాంపింగ్ మ్యాట్ మామూలు వెడల్పు 51 సెంటీమీటర్లు, రెండు పక్కపక్కన వేస్తే 102. ఇద్దరి టెంట్ వెడల్పు సాధారణంగా 125 నుంచి 135 దాకా ఉంటుంది. మిగిలేది ఒక జానెడు, కాస్త పైన. అదే మీవి వెడల్పు మ్యాట్‌లైతే ఒక్కోటి దాదాపు 64, రెండూ కలిపితే 128, అంటే ఈ గోడ నుంచి ఆ గోడకు నిండిపోయింది. కొన్ని టెంట్లు బరువు తగ్గించడానికి కాళ్ళ వైపు సన్నబడతాయి, అక్కడ వెడల్పు 107 మాత్రమే ఉండొచ్చు, అందుకే తలవైపు, కాళ్ళవైపు రెండు కొలతలూ చూడాలి.

నా లెక్క ఇది. నడకకైతే రాసిన సంఖ్యకే కొనండి, ఎందుకంటే అక్కడ టెంట్ పడుకోవడానికే, రాత్రి ఇరుకు కన్నా పగలు బరువు ఎక్కువ బాధిస్తుంది. కారు క్యాంపింగ్‌కైతే మనుషుల లెక్కకు ఒకటో రెండో కలుపుకోండి. నలుగురు వెళ్తుంటే ఆరుగురి టెంట్. వాన పడితే మధ్యాహ్నమంతా పిల్లలతో లోపలే కూర్చోవాలి, బట్టల సంచులు లోపలే ఉండాలి, ఎవరో ఒకరు లేచి ప్యాంటు మార్చుకోవాలి. అప్పుడు ఎత్తు కూడా కావాలి, నిలబడగలిగేలా 180 సెంటీమీటర్లు దాటితే నడుము వంచే పని ఉండదు. నడక టెంట్‌కు కూర్చుంటే తల తగలకపోతే చాలు, మధ్యలో 100 సెంటీమీటర్లకు పైన ఉంటే చాలామందికి సరిపోతుంది.

ఆరడుగుల వాళ్ళు నిడివి గురించి మరీ జాగ్రత్తగా ఉండాలి. నేల పొడవు 215 అని రాసి ఉన్నా, గోడ వాలుగా లోపలికి వంగి ఉంటే, మందమైన మ్యాట్ మీద పడుకున్నప్పుడు తల, కాళ్ళు గోడకు ఆనుతాయి, ఆనిన చోట స్లీపింగ్ బ్యాగ్ తెల్లారేసరికి తడిసి ఉంటుంది.

ఈ తడి గురించే కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "టెంట్ కారుతోంది" అని చెప్పేవాటిలో సగానికి సగం నిజానికి కారడం కాదని నా నమ్మకం. నిద్రపోతున్న మనిషి ఊపిరి నుంచి, ఒంటి నుంచి రాత్రంతా నీటి ఆవిరి వస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున పై బట్ట చల్లబడుతుంది, ఆ ఆవిరి వెళ్ళి దానికి తగిలి బొట్లుగా మారుతుంది, గాలికి బట్ట కదిలితే ఆ బొట్లు మొహం మీద పడతాయి. వాన చుక్క రాలకపోయినా ఇలా జరుగుతుంది. దీనికి మందు గాలి ఆడటమే. రెండు పొరల టెంట్‌లో లోపలిది దోమతెర లాంటి జాలీ, బయటిది వాన ఆపే కవరు, మధ్యలో ఖాళీ. ఆవిరి జాలీ దాటి వెళ్ళి కవరుకు అంటుకుంటుంది, బొట్లు కవరు లోపలి వైపు జారి కిందికి పోతాయి, మీకు తగలవు. ఒకే పొర ఉన్న టెంట్‌లో ఆ రక్షణ ఉండదు, తేలిక మాత్రం ఉంటుంది. కాబట్టి మొదటిసారి కొనేవాళ్ళకు, అది నడకకైనా కారుకైనా, రెండు పొరలదే తీసుకోమంటాను. పైన గాలి రంధ్రాలున్నాయా, వాన పడుతున్నా వాటిని తెరిచి ఉంచగలమా అన్నది చూడండి. చలేస్తోందని అన్నీ మూసేసుకుంటే తడి ఇంకా పెరుగుతుంది. ఏటి ఒడ్డున, లోయ అడుగున చల్లగాలి, తేమ పేరుకుంటాయి. కాస్త మెరక మీద, చెట్ల కింద వేసుకుంటే అదే టెంట్ పొడిగా ఉంటుంది, కాకపోతే ముందు తలెత్తి ఎండు కొమ్మలేమైనా వేలాడుతున్నాయేమో చూసుకోండి.

నిజంగా వాన ఆపడం విషయానికొస్తే, బట్ట మీద మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. బట్ట మీద నీటి స్తంభం నిలబెట్టి ఎత్తు పెంచుకుంటూ పోతే ఎంత ఎత్తు దగ్గర నీళ్ళు అవతలికి చిమ్ముతాయో ఆ కొలత అది. పై కవరుకు 1500 మిల్లీమీటర్లుంటే మామూలు వానలకు సరిపోతుంది. నేలకు 3000 ఉంటే నిశ్చింత, ఎందుకంటే తడి నేల మీద మోకాలు ఆనిస్తే ఆ ఒక్క చోట ఒత్తిడి బాగా ఎక్కువ. 10000 అని రాసి ఉంటే అన్ని రెట్లు మంచిదని మురిసిపోకండి, నీళ్ళు ఎక్కువసార్లు వచ్చేది కుట్ల దగ్గర, జిప్ దగ్గర, అంతే తప్ప బట్టలోంచి కాదు. కుట్ల లోపలి వైపు టేపు అతికించారా, లేక సిలికాన్ పూసిన బట్ట కాబట్టి టేపు అంటుకోక మనమే జిగురు పూసుకోవాలా అన్నది అడిగి తెలుసుకోండి. కవరు నేల దాకా దిగుతుందా, లేక టోపీ పెట్టినట్టు పైన కొంచెమే ఉందా అన్నది ఆ అంకె కన్నా ముఖ్యం. కారు క్యాంపింగ్ కోసం చవగ్గా దొరికే చాలా టెంట్లకు ఈ టోపీ కవరే ఉంటుంది, వాన నిలువుగా పడినంతసేపు పర్వాలేదు, గాలితో ఏటవాలుగా కొట్టిందంటే పక్క గోడలు తడిసి ముద్దవుతాయి. ఎండాకాలం మాత్రమే వెళ్ళేవాళ్ళకు ఆ టోపీ కవరే హాయి, గాలి బాగా ఆడుతుంది.

బట్ట రకం గురించి క్లుప్తంగా. నైలాన్ తేలిక, గట్టిది, కానీ తడిస్తే సాగుతుంది, సాయంత్రం బిగించిన తాళ్ళను పడుకునే ముందు మళ్ళీ బిగించాలి. పాలియెస్టర్ అంతగా సాగదు, ఎండకు కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, అందుకే ఒకే చోట రోజుల తరబడి నిలబడే కారు టెంట్‌కు నేను దాని వైపే మొగ్గుతాను. డైనీమా కాంపోజిట్ అనేది మూడో రకం, నీళ్ళు పీల్చదు, సాగదు, ఈకలా ఉంటుంది. జీప్యాక్స్ కంపెనీ వాళ్ళ డ్యూప్లెక్స్ అనే ఇద్దరి టెంట్ ఆ బట్టతో చేసిందే, బరువు అర కేజీకి కాస్త ఎక్కువ అంతే. కానీ అది ఒకే పొర, లోపల పోల్స్ ఉండవు, చేతికర్రలతో నిలబెట్టాలి, ధర చూస్తే గుండె దడ. వందల కిలోమీటర్లు నడిచేవాళ్ళకు అది తగినదే, ఏడాదికి రెండు వారాంతాలు వెళ్ళేవాళ్ళకు అక్కర్లేదు. బట్ట మీద 20 డెనియర్, 70 డెనియర్ అని కూడా చూస్తారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, అంటే అంకె పెరిగేకొద్దీ దారం మందం, బరువు పెరుగుతాయి. నడక టెంట్లు 15 నుంచి 30 మధ్య, కుటుంబ టెంట్లు 70 ఆపైన ఉండటం మామూలు. పిల్లలు బూట్లతో లోపలికి పరిగెత్తే టెంట్‌కు 15 డెనియర్ నేల పెట్టుకోవద్దు.

పోల్స్ దగ్గర మాత్రం నేను రాజీ పడను. ఫైబర్‌గ్లాస్ పోల్ బరువు, పైగా విరిగినప్పుడు పేళ్ళుగా చీలి బట్టను చింపుతుంది, చేతికి గుచ్చుకుంటుంది, చలిలో ఇంకా పెళుసవుతుంది. అల్యూమినియం పోల్ ముందు వంగుతుంది, వంగినదాన్ని జాగ్రత్తగా సరిచేసుకుని, చిన్న గొట్టం ముక్క తొడిగి టేపు చుట్టి ఆ రాత్రి గడిపేయొచ్చు. కారు టెంట్‌లో ఫైబర్‌గ్లాస్ ఉంటే ఒక పోల్ అదనంగా డిక్కీలో పడేసుకోండి. నడక టెంట్‌కు మాత్రం వద్దే వద్దు.

తర్వాత ఆకారం. నిటారు గోడల గది లాంటి టెంట్ లోపల ఇల్లులా ఉంటుంది, గాలి వచ్చిందంటే మాత్రం తెరచాపలా నిలబడి తన్నులు తింటుంది. గుమ్మటం ఆకారంది గాలిని పక్కకు జార్చేస్తుంది. పోల్స్ చాలాచోట్ల ఒకదాన్నొకటి దాటుతూ త్రికోణాలు ఏర్పడేలా వేసేది ఇంకా గట్టిది. అమెరికన్ ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గుమ్మటాల ఆలోచనను టెంట్‌లోకి తెచ్చి ద నార్త్ ఫేస్ కంపెనీ 1975లో ఓవల్ ఇంటెన్షన్ అనే టెంట్ తీసుకొచ్చింది, ఇప్పటికీ మంచు కొండల మీద కనిపించే టెంట్లు చాలావరకు ఆ పోలికే. సొరంగం ఆకారంలో ఉండే టెంట్‌లో బరువుకు తగ్గ చోటు బాగా దొరుకుతుంది, కానీ పెగ్గులు కొట్టకపోతే అది నిలబడదు, దాని కొసను గాలి వచ్చే దిక్కుకు పెట్టాలి. రాతి నేలలు, ఇసుక, చెక్క అరుగుల మీద వేయాల్సి వస్తుందనుకుంటే తనంతట తాను నిలబడే టెంట్ తీసుకోండి. వేశాక కూడా ఎత్తి ఇటు అటు జరుపుకోవచ్చు, పొద్దున్నే తలకిందులు చేసి చెత్త దులపొచ్చు. అలా నిలబడింది కదా అని పెగ్గులు మానేసేవాళ్ళుంటారు, దయచేసి ఆ పని చేయకండి. ఖాళీ టెంట్‌ను ఒక్క గాలి విసురు ఎత్తుకెళ్ళి ముళ్ళలో పడేయడం నేను కళ్ళారా చూశాను, దాని యజమానులు అప్పుడు నీళ్ళు పట్టుకురావడానికి వెళ్ళారు.

వానలో టెంట్ వేయడం ఊహించుకోండి. చాలా టెంట్లకు ముందు లోపలి జాలీ నిలబెట్టి, దాని మీద కవరు వేస్తారు, ఆ రెండు మూడు నిమిషాల్లో లోపలి నేల తడుస్తుంది. లోపలిదీ బయటిదీ కలిపే ఉండి ఒకేసారి లేచే టెంట్లు కూడా ఉన్నాయి, స్వీడన్‌కు చెందిన హిల్లెబెర్గ్ 1973లో కెబ్ అనే టెంట్‌తో ఆ పద్ధతి తెచ్చింది. ఎక్కువగా వానల్లోనే నడుస్తారా, అయితే ఇలాంటిదాని కోసం వెతకండి. కారు వాళ్ళు వాన తగ్గేదాకా కారులో కూర్చోవచ్చు, ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు. విసిరితే విచ్చుకునే టెంట్లు కూడా కారు వాళ్ళకే. వేయడం క్షణాల పని, మడిస్తే పెద్ద పళ్ళెంలా అవుతుంది, వీపు మీద పెట్టుకోవడం కుదరదు. కొనేముందు మడవడం రెండుసార్లు చేసి చూడండి, విప్పడం కంటే అదే కష్టం. గాలి నింపే గొట్టాల టెంట్లు కూడా కారు కోవలోనివే.

మూడు కాలాల టెంట్ కొనాలా, నాలుగు కాలాలదా? మంచు మీద పడుకోబోరంటే మూడు కాలాలదే. నాలుగు కాలాలది వెచ్చదనం కోసం అనుకుంటారు చాలామంది, అసలు దాని పని మంచు బరువును, ఈదురుగాలిని తట్టుకోవడం. మామూలు రోజుల్లో అందులో ఉక్కపోస్తుంది, బరువూ ఎక్కువే. వెచ్చదనం వచ్చేది మ్యాట్, స్లీపింగ్ బ్యాగ్ నుంచి. చలికి తట్టుకోలేక లోపల స్టవ్ వెలిగించడం, బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులు కూడా దాన్ని వదులుతూనే ఉంటాయి.

ఇద్దరు పడుకునే ఏ టెంట్‌కైనా రెండు తలుపులుండాలి. వంద గ్రాములు ఎక్కువైనా సరే. అర్ధరాత్రి ఇంకొకరి మీదుగా పాకుతూ బయటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది ఆ గ్రాముల విలువ. తలుపు ముందు కవరు చాచి ఉండే చోటు కూడా ఉండాలి, బురద బూట్లు, తడి బ్యాగ్ అక్కడ పెట్టుకోవాలి.

"రెండు కొనే స్తోమత లేదు, ఒక్కటే చెప్పండి" అంటే నేను తడుముకోకుండా చెప్పేది ఇది: ఇద్దరు అయితే తనంతట తాను నిలబడే, రెండు పొరల, రెండు తలుపుల, అల్యూమినియం పోల్స్ ఉన్న 2 కేజీల లోపు నడక టెంట్. దాన్ని కారులో కూడా తీసుకెళ్ళొచ్చు, నిలబడి బట్టలు మార్చుకోలేకపోవడం ఒక్కటే లోటు. పెద్ద టెంట్‌ను మాత్రం ఏం చేసినా కొండెక్కించలేం, నాకు అనుభవమే. ఇద్దరికీ చోటు కాస్త ఎక్కువ కావాలనుకుంటే ముగ్గురిది తీసుకోండి, అర కేజీ తేడా ఉంటుంది. పిల్లలున్న ఇల్లు, నడకల ఆలోచన దగ్గర్లో లేదు అంటే ఈ మాట వినకండి, హాయిగా పెద్ద కారు టెంట్ కొనుక్కోండి. ఎప్పుడో నడుస్తామేమోనని ఇప్పుడు నలుగురు ఇరుక్కుని పడుకోవడంలో అర్థం లేదు. నడక ఎప్పుడైనా కుదిరితే ఆ రెండు రోజులకు నడక టెంట్ అద్దెకో, తెలిసినవాళ్ళ దగ్గర అరువుకో తెచ్చుకోవచ్చు.

కొన్నాక బయల్దేరే ముందే ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి, మీ మ్యాట్‌లు పరిచి పడుకుని చూడండి, పైపుతో పది నిమిషాలు నీళ్ళు కొట్టండి. కుట్టు కారితే అక్కడే తెలుస్తుంది, మార్చుకునే గడువు కూడా ఉంటుంది. వెంట వచ్చిన సన్నటి పెగ్గులు మట్టి గట్టిగా ఉంటే వంగిపోతాయి, వై ఆకారపు అల్యూమినియం పెగ్గులు ఆరో ఎనిమిదో విడిగా తీసుకోండి. ఇసుకకు వెడల్పువి కావాలి. కింద వేసే పట్టా టెంట్ నేల కన్నా నాలుగు వేళ్ళు చిన్నదిగా ఉండాలి, బయటికి వచ్చి ఉంటే వాన నీటిని పట్టి మీ కిందికే తెస్తుంది. ఇంటికి రాగానే, ఎంత అలసిపోయినా సరే, టెంట్‌ను సంచిలోంచి తీసి నీడలో పూర్తిగా ఆరబెట్టండి. తడిగా మడిచిపెడితే బూజు పడుతుంది, కొన్నాళ్ళకు లోపలి పూత జిగురులా కరిగి పుల్లటి వాసన వస్తుంది, అలా అయ్యాక దాన్ని బాగు చేయడం దాదాపు కుదరదు. ఎండలో గంటల తరబడి పరిచినా బట్ట బలం పోతుంది. ఆరాక సంచిలో కుక్కకుండా, వదులుగా ఒక పాత దిండు గలీబులో వేసి అల్మారాలో పెట్టుకోండి.